ఆడపిల్ల అని సీటు కాదన్నా సైంటిస్టు అయిన కమలా సోహోనీ ఎవరు?

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివే మా అమ్మాయి కూడా ఈ ప్రశ్నే అడిగింది. ఆ యూనివర్సిటీ వచ్చింది 1983లో. సరిగ్గా యాభై ఏళ్ల ముందు, 1933లో, బొంబాయిలో బీఎస్సీ పూర్తిచేసిన కమల బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దరఖాస్తు పెట్టారు. డైరెక్టర్ సి.వి.రామన్ ఆడవాళ్లను చేర్చుకోబోమన్నారు. ఆమె ఊరుకోలేదు, నేరుగా వెళ్లి నిలదీశారు. చివరికి షరతు మీద చేర్చుకున్నారు: ఏడాది పాటు పని చూశాకే అడ్మిషన్ ఖాయం. అంతటి శాస్త్రవేత్త అలా అన్నారంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆమె పని చూశాక మాత్రం ఆయనే అమ్మాయిలను చేర్చుకోవడం మొదలుపెట్టారు.

అక్కడ పాలు, పప్పుల్లోని ప్రోటీన్ల మీద పనిచేశారు. తర్వాత కేంబ్రిడ్జి వెళ్లారు. మనం రోజూ వేపుడు చేసుకునే ఉర్లగడ్డ ఉంది కదా, దాని మీద ప్రయోగాలు చేస్తూ మొక్కల కణాల్లోనూ సైటోక్రోమ్ సి ఉందని చూపించారు. కణం శక్తిని తయారుచేసుకునేటప్పుడు ఎలక్ట్రాన్లను చేరవేసే ప్రోటీన్ అది. ఆ థీసిస్ దాదాపు 40 పేజీలే! 1939లో పీహెచ్‌డీ వచ్చింది. తిరిగొచ్చాక నీరాలోని పోషకాల మీద పరిశోధించి, పేదపిల్లల ఆహారానికి అది పనికొస్తుందని చూపించారు.