మీ ప్రశ్నలు – మా సమాధానాలు: కార్ట్ రేసింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్. మావారు బొగ్గు గనిలో ఉద్యోగి. మా అబ్బాయికి పదకొండేళ్లు. హైదరాబాదులో ఉండే మా అన్నయ్య ఈమధ్య వాడిని గో-కార్టింగుకు (ట్రాక్ మీద చిన్న రేసు బండ్లు నడిపే ఆటకు) తీసుకువెళ్లినప్పటి నుంచి వాడికి అదే ధ్యాసగా ఉంది. పాత రేసింగ్ కార్ట్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి మావారు కొందామంటున్నారు. మాకు దగ్గరలో ట్రాక్ లేదు. కొనమంటారా? ఈ ఆటకు వాడి వయసు ఇప్పటికే మించిపోయిందని ఒకరన్నారు. అది నిజమేనా? — ఒక తల్లి, బల్లార్పూర్

సమాధానం: అమ్మా, కార్ట్ కొనకండి. కనీసం ఒక ఏడాదిపాటు ఆ ఆలోచనే పెట్టుకోకండి. రేసింగ్ కార్ట్ ఇంటి ముందు నిలిపి ఆదివారం పూట కాలనీ రోడ్డు మీద తిప్పుకునే వాహనం కాదు. అది నేలకు రెండు అంగుళాల ఎత్తులో, స్ప్రింగులు గానీ షాక్ అబ్జార్బర్లు గానీ లేకుండా ఉంటుంది కాబట్టి చదునైన ట్రాక్ మీద తప్ప నడవదు. టూ-స్ట్రోక్ ఇంజనయితే పెట్రోలులో ఆయిల్ సరైన పాళ్లలో కలపాలి, నిర్ణీత గంటలు నడిచాక విప్పి పిస్టన్ మార్పించాలి. టైర్లు, చైను, స్ప్రాకెట్లు ఎప్పటికప్పుడు అరిగిపోతూనే ఉంటాయి. ట్రాక్ దాకా తీసుకువెళ్లడానికి ఒక వాహనం, అక్కడ సరిచేయడానికి పని తెలిసిన మెకానిక్ కావాలి. ఇవేవీ లేకుండా కొన్న కార్ట్ షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంది, పిల్లవాడి ఉత్సాహం కూడా దానితోపాటే చల్లారుతుంది. ఆ డబ్బును వాడు ట్రాక్ మీద గడిపే సమయం కోసం ఖర్చు పెట్టండి.

వయసు గురించి దిగులుపడనక్కరలేదు. ఫార్ములా-1 రేసర్ లూయిస్ హామిల్టన్ ఎనిమిదేళ్లకే కార్టింగ్ మొదలుపెట్టిన మాట నిజమే. అయితే 1998లో పుట్టిన ముంబయి కుర్రవాడు జెహాన్ దారువాలా, 2011లో ఫోర్స్ ఇండియా అనే ఫార్ములా-1 జట్టు దేశమంతటా వెతికి ఎంపిక చేసిన ముగ్గురు పిల్లల్లో ఒకడుగా నిలిచి, 2020లో, ఫార్ములా-1కు ఒక మెట్టు కిందిదైన ఫార్ములా-2 రేసు నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు. పదకొండేళ్ల పిల్లవాడికి తలుపులు మూసుకుపోయాయని చెప్పేవారి మాట మీరు పట్టించుకోవద్దు.

ఇక మొదలుపెట్టవలసింది అద్దె కార్టులతోనే. ఇలాంటి చోట్ల ఎక్కువగా ఉండేవి హోండా జీఎక్స్-200 వంటి ఫోర్-స్ట్రోక్ ఇంజన్లు. ఆ ఇంజను సామర్థ్యం 196 సీసీ, శక్తి ఆరు హార్స్‌పవర్‌కు కాస్త అటూఇటూగా ఉంటుంది. గేర్లుండవు, కుడికాలికి యాక్సిలరేటర్, ఎడమకాలికి బ్రేకు, అంతే. దీన్ని పిల్లలాట అని కొట్టిపారేసేవారున్నారు గానీ నా దృష్టిలో ఇంతకంటే మంచి బడి లేదు. శక్తి తక్కువగా ఉన్న బండిలో ఒక మలుపు దగ్గర చేసిన పొరపాటు, ఆ తరువాత వచ్చే తిన్నని దారి పొడవునా వేగం అందుకోలేకపోవడంలో స్పష్టంగా కనిపిస్తుంది. శక్తి ఎక్కువున్న బండి ఆ పొరపాటును కప్పిపుచ్చుతుంది.

అబ్బాయికి మీరు ముందుగా అర్థమయ్యేలా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఎడ్లబండిలో ఇరుసు కదలకుండా ఉంటే చక్రాలు దాని మీద విడివిడిగా తిరుగుతాయి. కార్ట్‌లో దీనికి తలకిందులుగా ఇరుసే తిరుగుతుంది, వెనక చక్రాలు రెండూ దానికి బిగించి ఉంటాయి. కారులో ఉన్నట్టు డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక, ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి కదా, రెండూ ఒకే వేగంతో తిరిగితే బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. అందుకే కార్ట్‌ను తయారుచేసేటప్పుడే ముందు చక్రాలను ఒక ప్రత్యేకమైన వాలులో అమరుస్తారు. స్టీరింగు తిప్పగానే లోపలివైపు ముందు చక్రం నేలను నొక్కుతుంది, చాసిస్, అంటే బండి చట్రం, కొద్దిగా మెలిపడుతుంది, లోపలివైపు వెనక చక్రం రవ్వంత పైకి లేస్తుంది. ఆ క్షణంలో కార్ట్ మూడు చక్రాల మీద తిరుగుతుంది. ట్రాక్ అంచున వంగి చూస్తే ఆ చక్రం కింద సన్నని వెలుతురు కూడా కనిపిస్తుంది. అబ్బాయిని ఎక్కించే ముందు ఒక అరగంటపాటు కంచె దగ్గర నిలబెట్టి, బాగా నడిపేవారి కార్టులో ఆ చక్రాన్ని చూపించండి.

బ్రేకు కూడా చాలా కార్టులలో ఆ వెనక ఇరుసు మీదే ఉంటుంది. మలుపు తిరుగుతూ బ్రేకు తొక్కితే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుని, బండి తన చుట్టూ తాను తిరిగిపోతుంది. కాబట్టి దారి తిన్నగా ఉండగానే బ్రేకు గట్టిగా తొక్కి, వదిలి, ఆ తరువాతనే స్టీరింగు తిప్పాలి. మొదటి ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే మొదటి చుట్టులో, టైర్లు చల్లగా ఉండి పట్టు తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ ల్యాప్‌లో మరింత నిదానం అవసరం. ఈ ఒక్క క్రమం కాలికి అలవాటయ్యేదాకా వాడిని ల్యాప్ టైము గురించి అడగవద్దని మీవారికి చెప్పండి అని కాదు, నేరుగా వారినే కోరుతున్నాను: దయచేసి అడగవద్దు.

మీకు మీ ఊరి బల్లార్షా స్టేషను నుంచి సికింద్రాబాదుకు నేరుగా రైళ్లున్నాయి, బంధువులూ ఉన్నారు. సెలవు రోజు సాయంత్రం రద్దీలో కాకుండా, మామూలు రోజున తెరిచిన వెంటనే వెళితే ట్రాక్ ఖాళీగా ఉంటుంది. చంద్రపూర్ ఎండలు మీకు చెప్పవలసిన పని లేదు. హెల్మెట్, ఓవరాల్ తొడుక్కుని తారు మీద నడిపే ఆట కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేర్చుకోవడం పిల్లవాడికి మేలు. ఇలా ఒక ఏడాది గడిచాక కూడా ఉత్సాహం తగ్గకపోతే, బెంగళూరులోని మెకో కార్టోపియా ట్రాక్‌లో గానీ కొల్హాపూర్‌లోని మోహితే ట్రాక్‌లో గానీ శిక్షణ గురించి విచారించండి. కార్ట్, మెకానిక్, టైర్లు అన్నీ జట్టువారే సమకూర్చి, నడిపేవారి దగ్గర రుసుము తీసుకునే పద్ధతి కూడా ఉంది. సొంత కార్ట్ కంటే మొదటి సీజనుకు అదే నయం. జాతీయ స్థాయి పోటీలో దిగాలంటే ఎఫ్ఎంఎస్‌సీఐ, అంటే భారత మోటార్ క్రీడా క్లబ్బుల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు ఉండాలి. జాతీయ స్థాయిలో ఒక సీజను ఖర్చు లక్షల్లోనే ఉంటుందని ఇప్పుడే తెలుసుకుని ముందుకు వెళ్లడం మంచిది. అద్దె కార్ట్ దశకు మాత్రం అంత భారం లేదు, అక్కడ నేర్చుకున్నదేదీ వృథా పోదు.

ప్రశ్న: నేను బరంపురంలో వస్త్ర వ్యాపారిని. పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడల్లా కార్టింగ్ చేస్తున్నాను. మలుపుల్లో నాకంటే నెమ్మదిగా వెళ్లేవారు కూడా నాకంటే తక్కువ టైము తెచ్చుకుంటున్నారు. లోపం ఎక్కడ? — ఒక పాఠకుడు, గంజాం జిల్లా

సమాధానం: మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉందండీ. వారు మలుపులోకి నెమ్మదిగా ప్రవేశించి, వేగంగా బయటికి వస్తున్నారు. మీరు వేగంగా ప్రవేశించి, బండి పక్కకు జారుతుంటే దాన్ని సర్దుకోవడంలో ఊపంతా పోగొట్టుకుంటున్నారు. టైర్లు కీచుమని అరవడం వేగానికి గుర్తని చాలామంది అనుకుంటారు. అద్దె కార్ట్‌లో ఆ అరుపు ఇంజను శక్తి నేలపాలవుతున్నదనడానికి గుర్తు. ట్రాక్ బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు నడిమధ్యను దాటిన తరువాత లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు బండిని వదిలేయండి. లోపలి అంచును తాకే చోటు కాస్త ఆలస్యంగా వస్తే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే చోటు ముందుగా వస్తుంది. పొడవైన తిన్నని దారికి ముందు వచ్చే మలుపును అన్నిటికంటే శ్రద్ధగా సాధన చేయండి, ఎందుకంటే అక్కడ కలిసివచ్చిన వేగం ఆ దారి చివరిదాకా మీతో వస్తుంది.

చూపు కూడా ముఖ్యం. ముందున్న కార్ట్ బంపరును చూస్తూ నడిపితే వారి పొరపాట్లే మీకూ వస్తాయి. తరువాత చేరవలసిన చోటును చూడండి. సెషన్ అయ్యాక ఇచ్చే టైమింగ్ కాగితాన్ని పారేయకుండా దాచుకుని, దాని మీద మీరు నడిపిన కార్ట్ నంబరు రాసుకోండి. ఒకే ట్రాక్‌లోని కార్టులన్నీ ఒకేలా పరుగెత్తవు. ఉత్తమ ల్యాప్ ఎంత అన్నదాని కంటే, వరసగా ఐదు ల్యాపులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది చూస్తే మీరు నేర్చుకుంటున్నారో లేదో తెలుస్తుంది. మీకు చెన్నై వెళ్లే రైళ్లు బరంపురం మీదుగానే ఉన్నాయి కాబట్టి, ఎప్పుడైనా వీలు చూసుకుని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ప్రాంగణంలో ఉన్న కార్టింగ్ ట్రాక్‌ను కూడా చూసి రండి.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాను. స్నేహితురాళ్లతో కార్టింగుకు వెళ్లాలని ఉంది గాని, ప్రమాదమని అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆమెకు ఏమని చెప్పమంటారు? — ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

సమాధానం: మీ అమ్మగారి భయం అకారణం కాదు. 2020లో హైదరాబాదు శివార్లలో ఒక విద్యార్థిని జుట్టు కార్ట్ చక్రంలో చిక్కుకుని ఆమె ప్రాణాలు కోల్పోయింది. సీటుకు సరిగ్గా వెనకే ఇరుసు తిరుగుతూ ఉంటుంది, పక్కనే చైను ఉంటుంది. హెల్మెట్ కింద నుంచి జారిన జడను గానీ చున్నీ కొసను గానీ అది క్షణంలో చుట్టేసుకుంటుంది. కాబట్టి జుట్టును ముడివేసి, తలకు బాలక్లావా అనే గుడ్డ తొడుగు వేసుకుని, దానిపైన పూర్తి ముఖం కప్పే హెల్మెట్ పెట్టుకుని, మెడ వెనక ఒక్క వెంట్రుక కూడా బయట లేదని స్నేహితురాలిచేత చూపించుకున్నాకే కూర్చోండి. చున్నీ, స్కార్ఫు, వదులు దుస్తులు, చెప్పులు వద్దు. ఇరుసుకూ చైనుకూ మూత లేని కార్ట్ ఇస్తే, డబ్బు కట్టేసి ఉన్నా సరే, ఎక్కకుండా తిరిగి వచ్చేయండి. ఇందులో మొహమాటపడకూడదు.

కార్టులలో చాలావాటికి సీటు బెల్టు ఉండదు, అది చూసి కంగారుపడవద్దు. తలపైన రక్షణగా చట్రం లేని బండి బోల్తాపడితే దానికి కట్టుబడి ఉండటమే ఎక్కువ ప్రమాదం. పక్కటెముకలకు సీటు అంచు ఒత్తుకుంటుంది కాబట్టి రిబ్ ప్రొటెక్టర్ ఉంటే అడిగి తీసుకోండి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని అర్థం, ఓవర్‌టేక్ చేయకూడదు. నీలం జెండా చూపిస్తే వెనక మీకంటే వేగంగా వచ్చేవారున్నారని, ఎర్ర జెండా అయితే సెషన్ ఆపేశారని తెలుసుకోండి. బండి తిరిగిపోయి ఆగితే ఒక చెయ్యి పైకెత్తి సీట్లోనే ఉండండి. దిగి ట్రాక్ మీద నడవకండి, మార్షల్ (ట్రాక్ మీద భద్రత చూసే మనిషి) వచ్చేదాకా ఆగండి. గుజరాత్‌లోని వడోదరకు చెందిన మీరా ఎర్డా కార్టింగుతో మొదలుపెట్టి ఫార్ములా కార్ల దాకా వెళ్లింది. అమ్మగారికి ఆమె గురించి చెప్పండి. వీలైతే మొదటిసారి అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లి, ఆ జాగ్రత్తలన్నీ ఆమె కళ్లతో చూసేలా చేయండి.

ప్రశ్న: మాది రాయగడ. పాలిటెక్నిక్‌లో నలుగురం కలిసి జీఐ పైపులు (నీటి పైపులు) వెల్డింగ్ చేసి, పాత స్కూటర్ ఇంజనుతో కార్ట్ తయారు చేశాం. ఊరి బయట రోడ్డు మీద నడిపి చూడవచ్చా? — నలుగురు మిత్రులు

సమాధానం: మీ చేతిపనిని మనసారా మెచ్చుకుంటున్నాను. ఈ క్రీడ పుట్టిందే అలా. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల పనివాడు, గడ్డి కోసే యంత్రం ఇంజనుతో తొలి కార్ట్ తయారు చేశాడు. అయినా రోడ్డు మీదికి మాత్రం తేవద్దు. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని ప్రజలు తిరిగే రోడ్డు మీద నడపడం నేరం, లారీ డ్రైవరు కంటికి ఆనని ఎత్తులో కూర్చోవడం ప్రాణాంతకం. రేసింగ్ కార్ట్ చట్రానికి క్రోమియం-మాలిబ్డినం ఉక్కు గొట్టాలు వాడతారు. అవి పదేపదే మెలిపడినా మళ్లీ నిటారుగా వస్తాయి. నీటి పైపుకు ఆ గుణం లేదు, వెల్డింగు అతుకు దగ్గర పగుళ్లిస్తుంది. మీ ప్రిన్సిపాల్‌గారి అనుమతితో కళాశాల ఆవరణలో, మూసివేసిన స్థలంలో, ముందుగా బ్రేకు పరీక్షించి, నడక వేగంతో నడపండి. ప్రతిసారీ దిగగానే అతుకులను చేత్తో తడిమి చూడండి. విద్యార్థులే కార్ట్ రూపొందించి పోటీపడే జాతీయ స్థాయి పోటీలు ఇంజనీరింగ్ కళాశాలల మధ్య జరుగుతుంటాయి, వాటి నిబంధనల పుస్తకం తెప్పించుకుని దాని ప్రకారం రెండో కార్ట్ కట్టండి.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. బైకు మెకానిక్‌ని. రేసు నడిపే స్తోమత లేదు గాని ఆ రంగంలో పని చేయాలని ఉంది. దారి ఉందా? — ఒక మెకానిక్

సమాధానం: ఉంది, మీ చేతిలో ఉన్న పనే ఆ దారి. కార్ట్ జట్లకు ఎప్పుడూ కావలసింది కార్బురేటర్ సర్దడం, చైను అమరిక, టైరు గాలి ఒత్తిడి, రేసుకూ రేసుకూ మధ్య ఉండే కొద్ది నిమిషాలలో ఇరుసు మార్చడం తెలిసిన మనిషి. ముందు ఒక అద్దె ట్రాక్‌లో మెకానిక్‌గా చేరండి. రోజూ పదుల కార్టులు విప్పి బిగించే చోటు అది, ఫోర్-స్ట్రోక్ ఇంజను అక్కడ క్షుణ్ణంగా వస్తుంది. ఆ తరువాత రోటాక్స్ మ్యాక్స్ అనే కార్ట్ రేసుల జాతీయ పోటీలు జరిగే చోటికి వెళ్లి జట్ల యజమానులను నేరుగా కలవండి. అందులో వాడేది నీటితో చల్లబడే 125 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను, దానికి సీలు వేసి ఉంటుంది కాబట్టి ఎవరూ లోపల చెయ్యి పెట్టి శక్తి పెంచుకోలేరు. అందుచేత చాసిస్ అమరికలో నేర్పున్న మెకానిక్‌కు అక్కడ విలువ ఎక్కువ. టూ-స్ట్రోక్ బైకుల మీద పని చేసిన అనుభవం ఉంటే ఆ మాట ముందుగానే చెప్పండి.