బావమరిది ఫైనాన్స్‌లో వాటా తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, రెండు ఆవులు ఉన్నాయి. తిరుపతిలో డైలీ ఫైనాన్స్ నడిపే మా బావమరిది, ఆరు లక్షలు పెడితే వాటా ఇస్తానంటున్నాడు. బంగారం కుదువ పెడదామంటే మా ఇంటావిడ బైబిల్లో సామెతల గ్రంథం 16వ అధ్యాయం చూపించి వద్దంటోంది. చుట్టాల ముందు ఎంతకాలం తలొంచుకుని బతకాలి?

జవాబు: మీ ఇంటావిడ మాటే నా మాట. సొంత తమ్ముడి వ్యాపారాన్నే వద్దంటున్నారంటే ఆమె ఎంత ఆలోచించి ఉంటారో చూడండి. ఆమె చూపించింది 19వ వచనమై ఉంటుంది. గర్విష్ఠులతో దోపుడు సొమ్ము పంచుకోవడం కంటే దీనమనస్సుతో దీనుల పక్కన ఉండడం మేలని అందులో ఉంది.

డైలీ ఫైనాన్స్ లెక్క చూడండి. తోపుడు బండి మీద పూలమ్మే ఆవిడకు పదివేల అప్పని చెప్పి 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. అసలు రోజూ తగ్గుతూనే ఉంటుంది కాబట్టి, వడ్డీ ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. మీ లాభం ఆ పూలావిడ సంపాదనలోంచే రావాలి. నాకైతే అది దోపుడు సొమ్ములాగే కనిపిస్తోంది.

పైగా భాగస్వామిగా సంతకం పెడితే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు మీరూ బాధ్యులే. ఆరు లక్షలతో ఆగదు, తోట మీదికి వస్తుంది. 2025లో తోతాపురి మామిడి సంగతి మీకు తెలియనిది కాదు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయని ప్రకటించినా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. అలాంటి ఏడాది మళ్లీ వస్తే బంగారం లోన్ వడ్డీ ఎలా కడతారు?

ఇక తలొంచుకోవడం గురించి. సొంత తోట ఉంది, పాల బిల్లు వస్తోంది. మీకేం తక్కువండీ? ఏమీ లేకున్నా ధనవంతులమని చెప్పుకునేవాళ్లు ఉన్నారని అదే గ్రంథం 13వ అధ్యాయంలో ఉంది. అలాంటి ఇళ్ల లెక్కలు నేను చూస్తుంటాను. బయట కారు, లోపల ఈఎంఐల టెన్షన్.

బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. తోట ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు వాడుకోండి, 3 లక్షల వరకు గడువులోపు కడితే వడ్డీ 4 శాతమే. పాల బిల్లులో కొంత పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో) వేయండి.

బావమరిదిని ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, నెమ్మదిగా చెప్పండి. అతన్ని చిన్నబుచ్చొద్దు. వాటా వద్దంటే షూరిటీ సంతకమైనా పెట్టమంటాడేమో, దానికీ ఒప్పుకోకండి.