నీళ్ళు ఆపు, ముందు కుండీ విప్పు

చిరంజీవి హారికకి,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన నీ స్లిప్పర్ ఆర్కిడ్ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఆకులు వడలిపోయి తోలు పట్టీల్లా వేలాడుతున్నాయి. కుండీ అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. మట్టికి బదులు కుండీలో నింపిన బెరడు ముక్కలు పైన నల్లబడి కాఫీ పొడిలా అయిపోయాయి. "రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నా అత్తా, అయినా వాడిపోతోంది" అని రాశావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. ఇవాళ్టి నుంచి నీళ్ళు ఆపెయ్. ఎరువు జోలికి అసలే వెళ్ళకు.

ఆకు వాడితే దాహం అనుకోవడం సహజమే. కానీ నీళ్ళు లేకపోయినా ఆకు వాడుతుంది, నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళినా అలాగే వాడుతుంది, ఎందుకంటే పీల్చే వేరే లేదు. డెండ్రోబియం, కాట్లేయా లాంటి ఆర్కిడ్‌లకి లావుపాటి కాండంలో నీళ్ళు నిలవ ఉంటాయి. స్లిప్పర్ ఆర్కిడ్‌కి (పాఫియోపెడిలం, పొట్టిగా పాఫ్ అంటాం) ఆ గాదె లేదు. వేళ్ళు, ఆకులు, అంతే దాని ఆస్తి. మూడేళ్ళుగా అదే బెరడులో ఉందన్నావు. బెరడు ఏడాదిన్నర, రెండేళ్ళకి చివికి పొడవుతుంది, ఆ పొడి నీళ్ళు పట్టుకుని గాలి ఆడనివ్వదు, వేరుకి ఊపిరాడదు.

ధైర్యం చెప్పే ఫోటో ఒకటుంది, మూడోది. పాత మొక్క మొదట్లో, ఎడమ పక్కన, వేలెడంత పచ్చని పిలక. ఇక నువ్వు చేసే పనంతా ఆ పిలక కోసమే. దీని తీరు అరటి లాంటిది. ఒక పిలక జన్మకి ఒక్కసారే పూస్తుంది, తర్వాత పక్కన పిలకలు పెట్టాలి. అరటికీ దీనికీ ఒక తేడా ఉంది. గెల కోసిన అరటిని నరికేస్తాం, పూసిన పాఫ్‌ని మాత్రం నరక్కూడదు. దాని ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళూ పిల్లకి అన్నం పెడతాయి.

మృగశిర వచ్చి హైదరాబాదులో కాస్త చల్లబడింది కాబట్టి కుండీ మార్చడానికి ఇదే అదను. మే ఎండల్లో అయితే ఆగమనేదాన్నే, అయితే కుళ్ళు వాసన వస్తే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు.

ముందు రోజు రాత్రి సరంజామా సిద్ధం చేసుకో. నాలుగంగుళాల కుండీకి టీ గ్లాసు కొలత పెట్టుకో. పైన్ బెరడు ముక్కలు 4 గ్లాసులు, 6 నుంచి 12 మిల్లీమీటర్ల సైజువి. కట్టె బొగ్గు 1 గ్లాసు, ఇస్త్రీ బండి దగ్గర దొరికేదే, శనగ గింజంత ముక్కలు చేసి దుమ్ము కడిగెయ్. పెర్లైట్, అంటే తేలికపాటి తెల్ల గుళికలు, 1 గ్లాసు. బెరడు రాత్రంతా నీళ్ళలో నానాలి. ఎండు బెరడు మీద నీళ్ళు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి, వారం దాకా అది తడవదు. బెరడు దొరక్కపోతే కొబ్బరి పీచు ముక్కలు వాడొచ్చు, కానీ వాటిలో ఉప్పు ఉంటుంది. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి పారబొయ్యి. కోకోపీట్ పొడి మాత్రం వద్దు, నర్సరీ అతను ఎంత చెప్పినా సరే.

ఇక కుండీ విప్పడం. మొక్క పట్టుకుని పైకి లాగకు. కుండీని పక్కకి వాల్చి అటూ ఇటూ నొక్కు, రాకపోతే ప్లాస్టిక్ కుండీని కత్తెరతో కోసెయ్, పోయేది పది రూపాయలు. పాఫ్ వేరు పెళుసు, విరిగితే మళ్ళీ కొమ్మలు వేయడం అరుదు. పాత మిశ్రమాన్ని సన్నటి ధార కింద కడిగెయ్. ఇప్పుడు ఒక్కో వేరునీ రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కి చూడు. గోధుమ రంగు చూసి చచ్చిందనుకోకు, ఈ జాతి వేళ్ళు పుట్టుకే గోధుమ రంగు, ఒంటి నిండా నూగు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా నీళ్ళూరి, పై తొక్క కండువాలా జారిపోయి లోపల దారం మిగిలితే చచ్చినట్టు. కొస తెల్లగానో లేత పసుపుగానో మెరుస్తుంటే ఆ వేరు ఇప్పుడు పెరుగుతోందని లెక్క, దాన్ని తాకకు కూడా.

చచ్చినవన్నీ కోసెయ్. బ్లేడుని గ్యాస్ మంటలో ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి వాడు. మరో మొక్క ముట్టుకునే ముందు మళ్ళీ కాల్చు, వైరస్ ఒక మొక్క నుంచి ఇంకోదానికి పాకేది ఎక్కువగా ఈ కత్తుల మీదే. అడుగున ఎండిన ఆకుల్ని కిందకి గుంజకు, దాంతో పాటు పచ్చి కండ ఊడి వస్తుంది. ఆకుని నడి ఈనె వెంట కొస నుంచి మొదటి దాకా చీల్చి, రెండు ముక్కల్నీ చెరో పక్కకి లాగు. శుభ్రంగా వస్తుంది, అక్కడ దాక్కున్న పిండినల్లి కూడా బయటపడుతుంది. దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది తుడువు, వారానికోసారి మూడు వారాలు. గుడ్లు ఒక్కసారికి పోవు. దాల్చినచెక్క పొడి ఆకు మీది గాయానికి అద్దొచ్చు. వేళ్ళకి తగిలిందా, అవి ఎండిపోతాయి.

పిలకని విడదీసి రెండు కుండీలు చేద్దామనే ఆశ ఇప్పుడు పెట్టుకోకు. ఆరోగ్యంగా ఉన్న మొక్కనైనా గుంపుకి మూడు పిలకలైనా ఉండేలా విడగొడతారు. నీది విడగొడితే రెండూ పోతాయి.

ఒక గంట నీడన ఆరనిచ్చి నాటు. అంతకంటే ఎక్కువ ఆరితే దీనికి నష్టం. కుండీ మిగిలిన వేళ్ళకి సరిపడా చిన్నదే ఉండాలి. నాలుగైదు వేళ్ళుంటే మూడంగుళాలది చాలు, పెద్ద కుండీ మధ్యలో తడి ఆరదు. అన్నిటికంటే ముఖ్యం లోతు. పిలక మొదలు మిశ్రమానికి ఒక సెంటీమీటరు కింద ఉండాలి. పాఫ్ ఏడాదికేడాది పైకి మెట్టు ఎక్కినట్టు పెరుగుతుంది, కొత్త వేరు పిలక మొదట్లోంచే పుడుతుంది. ఆ మొదలు గాల్లో తేలితే, పుట్టిన వేరు బెరడు అందుకోకముందే కొస ఎండి ఆగిపోతుంది. నీ మొక్కకి జరిగిందీ ఇదే, నాలుగో ఫోటోలో పిలక కింద మొలకెత్తి ఎండిన నల్లటి బుడిపెలు రెండు కనిపిస్తున్నాయి. వాటి మీద కొద్దిగా తడి స్ఫాగ్నం నాచు కప్పు. మొక్క ఊగకుండా వెదురు పుల్లకి కట్టు, ఊగితే లేత వేరు కొస రాపిడికి పోతుంది.

విప్పి చూస్తే ఒక్కటో రెండో వేళ్ళు మిగిలాయనుకో, బెరడు పక్కన పెట్టు. నాచుని తడిపి, గుప్పిట్లో బాగా పిండి, ఇంక చుక్క రాలనంత పొడిగా చేసి, అందులో నాటి, పైన పారదర్శకమైన కవరు బోర్లించు. ఎండ తగలని వెలుగులో ఉంచు, లేకపోతే కవరులో ఉడికిపోతుంది. రోజూ పది నిమిషాలు కవరు తీసి గాలి ఆడించు. ఆరు నుంచి పది వారాలు పట్టొచ్చు. మధ్యలో పీకి చూడకు.

నాటాక మూడు రోజులు నీళ్ళొద్దు, కోసిన గాయాలు మానాలి. ఆ తర్వాత దీన్ని పూర్తిగా ఎండనివ్వకూడదు, నానబెట్టకూడదు. సన్న వెదురు పుల్ల కుండీలోకి గుచ్చి ఐదు నిమిషాల తర్వాత తీసి చెంపకి ఆనించు. చల్లగా తగిలితే ఇంకో రోజు ఆగు. పోసేది పొద్దున్నే, కింద చిల్లులోంచి ధారగా కారేదాకా. ఆకుల మధ్య సుడిలో నీళ్ళు నిలిస్తే టిష్యూ పేపరు కొసతో పీల్చెయ్. రాత్రంతా అక్కడ నీళ్ళుంటే బాక్టీరియా కుళ్ళు పడుతుంది. గోధుమ రంగు నీటి మచ్చ మొదలై చూస్తుండగానే మొక్క మొదటికి దిగుతుంది. కనిపించిన గంటలోనే మచ్చకి ఒక అంగుళం కిందికి, పచ్చి భాగంలో కోసెయ్. మొహమాటపడితే మొక్క దక్కదు.

ఆర్‌ఓ యంత్రం నుంచి బయటికి పోయే నీళ్ళు మొక్కలకి పోస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొదుపు మంచిదే, కానీ అందులో వడకట్టిన ఉప్పంతా ఉంటుంది. ఆ తెల్ల పట్టు దానిదే. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడు, 200 దాటిన నీళ్ళు దీనికొద్దు. బోరు నీళ్ళు ఎక్కువ చోట్ల దాటతాయి. ఇప్పుడు వానలేగా, బాల్కనీలో బకెట్ పెట్టు.

ఎరువు రెండు నెలల తర్వాత, కొత్త ఆకు కదిలాకే. నీళ్ళలో కరిగే 19:19:19 ఎరువు ఒక గ్రాము 4 లీటర్ల నీటికి. పాకెట్ మీద రాసిన మోతాదు మిరపకీ టమాటాకీ, దీనికి కాదు. రెండు వారాలకోసారి చాలు, నెలకోసారి వట్టి నీళ్ళతో కుండీ కడిగెయ్.

తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి లేత ఎండ గంటసేపు చాలు. బాల్కనీ అయితే 75 శాతం షేడ్‌నెట్ కింద. ఆకు మీద లేత ముదురు పచ్చల గళ్ళున్నాయి కాబట్టి నీది వెచ్చదనం ఓర్చుకునే రకం. 1900లో నమోదైన మాడియే అనే సంకర రకం వంశంలోది అయ్యుండొచ్చు, బజారులో ఎక్కువగా దొరికేవి అవే. రాత్రి 18 డిగ్రీల పైన, పగలు 32 లోపు హాయిగా ఉంటుంది. గళ్ళు లేని పచ్చటి పొడుగాకు రకాలు, ఖాసీ కొండల ఇన్‌సిగ్నే లాంటివి, ఆశపడి కొనకు. వాటికి శరదృతువులో 10–13 డిగ్రీల రాత్రులు కావాలి. లేకపోతే ఆకులే తప్ప పువ్వుండదు. అన్నట్టు, అడవిలోంచి తెచ్చామని ఎవరైనా అమ్మితే తీసుకోకు. మన దక్షిణాదికి సొంతమైన పాఫ్ ఒక్కటే, కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమల కొండల పసుపుపచ్చ డ్రూరీ. అలా తవ్వుకుపోయే అది అడవిలో కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. అడవి పాఫ్‌లన్నీ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి.

ఆ పిలక నిండుగా ఎదిగి పూయడానికి ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. వచ్చే ఉగాదికి పువ్వు అడక్కు. పాత ఆకులు ఒకటో రెండో పసుపెక్కి రాలినా కంగారు పడకు, పిలక ఆకు బిగువుగా ఉందా లేదా అదొక్కటే చూడు. మొగ్గ వచ్చాక మాత్రం కుండీ ముఖం తిప్పకు, మొగ్గ వెలుగు వైపు తిరుగుతూ మెడ వంకర పోతుంది.

మందారం కుండీకి దూరంగా పెట్టు, దాని పిండినల్లి తిన్నగా దీని మీదకే వస్తుంది. కుండీలో ఒక తెల్ల ప్లాస్టిక్ పట్టీ గుచ్చి, మార్చిన తేదీ పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది.

మీ అత్త