అన్యాయం జరిగిందన్న కోపం, చేతిలో ఫోను

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పాఠశాల కబడ్డీ జట్టుకు తనను కాదని వేరే కుర్రాణ్ణి కెప్టెన్‌ను చేశారని చాలా రోజులుగా రగిలిపోతున్నాడు. ఇటీవల ఆ కుర్రాడి పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా తెరిచి, అతని నత్తిని వెక్కిరిస్తూ వీడియోలు పెట్టాడని తెలిసింది. నిలదీస్తే, ‘మరి నాకు చేసింది న్యాయమా?’ అంటున్నాడు. ఫోను లాక్కోవడం తప్ప దారి లేదా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి అడిగిన ప్రశ్నను కొట్టిపారేయకండి. తమను అన్యాయంగా చూశారన్న భావన కోపం రేపుతుందనీ, ఆ కోపం తీరే సవ్యమైన మార్గం లేనప్పుడు మనిషి తప్పుడు పనులకు దిగే అవకాశం పెరుగుతుందనీ అమెరికా నేరశాస్త్రవేత్త రాబర్ట్ ఆగ్న్యూ 1992లో సిద్ధాంతీకరించారు. ఎంపిక నిజంగా అన్యాయమైనదా కాదా అన్నది వేరే సంగతి. పిల్లవాడు అలా నమ్మితే కోపం రావడానికి అదే చాలు. మాస్టారిని అడిగే ధైర్యం లేదు, తోటి కుర్రాడు మాత్రం ఫోనులో తేలిగ్గా దొరికాడు.

అయితే అలా నమ్మిన పిల్లలందరూ ఈ పని చేయరు. ఆత్మీయుల అండ ఒత్తిడి తాకిడిని తగ్గించగలదని మనస్తత్వ శాస్త్రవేత్తలు షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లోనే వివరించారు. కాని ఎవరి అండ అన్నది కూడా చూడాలి. ఆ వీడియోల కింద నవ్వుల ఎమోజీలు పెట్టిన స్నేహితులు కూడా మీ వాడి దృష్టిలో తన పక్షాన నిలిచినవారే.

కారణం చెప్పకుండా ఫోను లాక్కుంటే, అతని లెక్కలో అది ఇంకొక అన్యాయం అవుతుంది. కొంతకాలం కట్టడి అవసరమే గాని, ఎందుకో, ఎన్నాళ్లో ముందే చెప్పండి. ఎంపిక గురించి అతను చెప్పేదంతా అడ్డు తగలకుండా విని, మాస్టారిని అడగడానికి మీరూ వెంట వెళ్లండి. అక్కడ ఏ సమాధానం వచ్చినా సరే, ఖాతా తొలగించడం, వీడియోలు పంచుకున్నవారి చేత తీయించడం మాత్రం తప్పదు.

మీ ఉత్తరంలో ఆ రెండో కుర్రాడి గురించి ఉన్నది దాదాపు ఒక్క వాక్యమే. అండ అందరికంటే ముందు అందవలసింది అతనికి. మీరే వారింటికి వెళ్లి జరిగింది దాచకుండా చెప్పండి; అతను సరేనంటేనే మీ అబ్బాయి చేత క్షమాపణ చెప్పించండి. పిల్లల సహాయవాణి 1098, మానసిక సలహాకు ఉచిత టెలీమానస్ 14416 ఉన్నాయి. ఆ కుటుంబం సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయదలిస్తే, వద్దని బతిమాలకండి.