పది వస్తుందనుకున్న కార్డుకు ఎనిమిది వచ్చింది: నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 58,000 రూపాయలు, ఇంటి ఖర్చు 41,000, బ్యాంకులో ఉన్నది 35,000. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది ద్వారా ఆరు పాత బాస్కెట్‌బాల్ కార్డులు 3,20,000కు కొన్నాను. అందులో 1,10,000 క్రెడిట్ కార్డు బాకీగా ఉంది. అన్నింటికీ 10 గ్రేడు (కార్డు స్థితిని చూసి గ్రేడింగు సంస్థ పదికి ఇచ్చే మార్కు) వస్తే 14 లక్షలు పలుకుతాయని, అదే నా అత్యవసర నిధి అని అనుకున్నాను. తీరా ఒకదానికి 9, మూడింటికి 8, ఒకదానికి 8 పక్కన ‘ఓసీ’ అని వచ్చాయి. మరొకటి అంచు కత్తిరించినదని సంఖ్యే ఇవ్వలేదు. మా ఆవిడ నగలపై 4 లక్షలు తీసుకుని, 8 వచ్చిన వాటిని మళ్లీ గ్రేడింగుకు పంపి, మరికొన్ని కార్డులు కొనవచ్చా?

జవాబు: వద్దు. కార్డుల స్థానంలో స్థలమో షేర్లో ఉన్న ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి కనుక, మీ లెక్క ఎక్కడ తప్పిందో కాస్త వివరంగా రాస్తున్నాను. ఒక వస్తువుకు దక్కగల అత్యధిక ధరను ఇప్పటికే చేతికి వచ్చిన సొమ్ముగా రాసుకోవడమే ఆ తప్పు.

గ్రేడింగులో చూసేవి నాలుగు: బొమ్మ మధ్యలో ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచుల రంగు రాలిందా, ఉపరితలంపై గీతలున్నాయా. కార్డులకు గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ పీఎస్ఏ ప్రస్తుత నియమం ప్రకారం 10 రావాలంటే ముందువైపు ఎదురెదురు అంచుల నిష్పత్తి సుమారు 55-45కు మించి తేడా చూపకూడదు. కార్డు ఎంత మెరుస్తున్నా అచ్చు బాగా పక్కకు జరిగితే మీకు వచ్చిన ‘ఓసీ’ (ఆఫ్ సెంటర్) గుర్తే పడుతుంది. అది ఫ్యాక్టరీలో కోత సమయంలోనే పుట్టిన లోపం కాబట్టి ఎన్నిసార్లు పంపినా పోదు. ఉపరితలంపై సన్నని గీతలు, వేలిముద్రలు దీపం కింద కార్డును వాల్చి చూస్తే తప్ప కనిపించవు, అమ్మేవారి ఫొటోలో అసలే కనిపించవు. 1986లో ఫ్లీర్ సంస్థ తెచ్చిన, బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డుకు రంగు అంచులు ఉండటంతో కాస్త రాలినా తెల్లగా బయటపడుతుంది. అందుకే దానికి 10 రావడం అరుదు, 9కి 10కి మధ్య ధరలో అంత అగాధం. ఆ 10 గ్రేడు కార్డు కూడా 2021 జనవరిలో 7,38,000 డాలర్లు పలికి, కొద్ది నెలల్లోనే సగానికి పైగా పడిపోయింది. లోపం ఏమీ లేని కార్డుకే ఆ గతి పట్టింది.

అంచు కత్తిరించడం వీటన్నింటికన్నా పెద్ద దోషం, ఎందుకంటే అది వాడకంలో వచ్చిన అరుగుదల కాదు, మోసం. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న ప్రసిద్ధమైన కార్డుకు పీఎస్ఏ 8 ఇచ్చి ఎంతో కాలం గడిచాక, దాని అంచులు తానే కత్తిరించానని 2013లో ఒక వేలం వ్యాపారి న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు. అనుభవజ్ఞుల కన్నే తప్పినచోట, ఫొటో చూసి కొన్న మీ 10 అంచనాపై నగలు పెట్టమంటారా?

మీ ఊరి మిర్చి యార్డులో తాలుకాయకు ధర తక్కువే కానీ, దాన్నీ కొనేవాడు అక్కడే దొరుకుతాడు. మీ 8 గ్రేడు కార్డును కొనేవాడు బ్రాడీపేటలో లేడు. అమెరికాలో అమ్ముడై, కమిషన్లు పోయి, మీ ఖాతాలో సొమ్ము పడేలోగా అర్ధరాత్రి ఆసుపత్రిలో కట్టమన్న అడ్వాన్సు ఆగదు. ధర పెరుగుతుందని సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దానిపైనే అప్పు తెచ్చుకునే రైతును మీరూ చూసే ఉంటారు. మీరు చేయబోయేది అదే, కాకపోతే మీది తినడానికి కూడా పనికిరాని సరుకు.

అత్యవసర నిధి అంటే అడిగిన రోజున, అడిగినంత, తరగకుండా వచ్చే డబ్బు. మీకు ఆరు నెలల ఖర్చు 2,46,000 కావాలి, ఉన్నది 35,000. జీతం ఒక్క నెల ఆగితేనే మీ పొదుపు చాలదు. నెలకు మిగిలే 17,000 మొత్తం ముందు క్రెడిట్ కార్డు బాకీకి కట్టండి. నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడినా, కొత్త ఖర్చులకు ఆ కార్డు వాడకపోతే సుమారు ఎనిమిది నెలల్లో తీరుతుంది. ఆ తరువాత అదే మొత్తాన్ని పదమూడు నెలలపాటు పొదుపు ఖాతాలోను, ఎప్పుడైనా విరిచే వీలున్న ఎఫ్‌డీలోను వేస్తే లోటు 2,11,000 పూడుతుంది. 9 వచ్చిన కార్డును, 8 వచ్చిన మూడింటిని వచ్చిన ధరకు అమ్మించగలిగితే ఈ గడువు తగ్గుతుంది. ఆఫీసు బీమా ఉన్నా కుటుంబానికి విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి. మ్యూచువల్ ఫండ్ల మాట ఆ తరువాత చూద్దాం.

మూడింటిని మళ్లీ పంపడం గురించి: గ్రేడింగ్ మనుషులు చేసేది కనుక ఒకోసారి గ్రేడు మారుతుంది, తగ్గే అవకాశమూ ఉంది. ప్రతిసారీ ఫీజు, రవాణా, బీమా ఖర్చులు మాత్రం తప్పవు. ఈ ఖర్చుకు అప్పు చేయడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. అమ్మేవరకు కార్డులను బావమరిది దగ్గరే ఉంచండి.

అంచు కత్తిరించిన కార్డును అమ్మిన వ్యక్తికి గ్రేడింగ్ నివేదికను జతచేసి, సొమ్ము వాపసు ఇవ్వాలని ఈ వారమే బావమరిది చేత రాయించండి. వచ్చినది ఎంతైనా మరో కార్డుకు కాక, నేరుగా క్రెడిట్ కార్డు బాకీకి జమ చేయండి.