సూది ఆమె వేయొచ్చు, లెక్క మాత్రం బాపుదే

ప్రశ్న: బాపుకు 66 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఏడాదైంది, కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు. రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి. నాకు కాజీపేటలో ఉద్యోగం, అమ్మకు చూపు తక్కువ. చూసుకోవడానికి ఒకామెను పెట్టుకున్నాం. సూది ఆమెతో వేయించొచ్చా? అన్నీ ఆమే చేస్తుంటే బాపు 'నన్ను పసిపోరన్ని చేసిండ్రు' అని అలుగుతున్నడు.
– ఒక కూతురు, హన్మకొండ

జవాబు: వేయించొచ్చు. అయితే మొత్తం ఆమెకే వదలకండి. మీటర్లో అంకె చదవడం, ఎన్ని యూనిట్లో పైకి చెప్పడం, పొట్ట మీద ఈ రోజు ఎక్కడ వేయాలో చూపించడం బాపు పని. మందు లాగడం, వేయడం ఆమె పని. మోతాదు మార్చడం మాత్రం డాక్టరుదే, మీది కూడా కాదు.

ముందు నర్సు వేసి చూపించాలి, తర్వాత నర్సు ఎదుటే ఆమె వేసి చూపించాలి. ఆ నేర్పు బాపు వరకే. పక్కింటివాళ్లు అడిగినా ఆమె వెళ్లి వేయకూడదు.

ఎక్కువగా పొరపాటు జరిగేది సిరంజి దగ్గర. ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 మందును ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు! షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. షాపు నుంచి తెచ్చిన ప్రతిసారీ సీసా మీది అంకె, సిరంజి మీది అంకె బాపుతోనే చదివించండి.

వంట సిద్ధమయ్యాకే సూది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మీటర్ చూడాలి. 70 కంటే తక్కువుంటే, బాగా మింగగలిగితేనే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక అలక సంగతి. అది సూది గురించి కాదు, చొక్కా గురించి అయ్యుంటుంది. తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి: ఈ వరుస తెలిస్తే ఒంటిచేత్తో ఆయనే తొడుక్కోగలడు. గుండీలకు పావుగంట పట్టనివ్వండి. అంతసేపూ ఆమె ఆగాలి. ఊరికే కూర్చుంటే పని ఎగ్గొట్టిందనుకుంటారని ఆమె భయపడుతుంది, అందుకే చెయ్యి ఆగదు. కూర్చోవడం కూడా ఆమె పనేనని మీరే, బాపు ఎదుటే చెప్పండి.