హిప్‌హాప్ అభిమానులు ఇప్పటికీ వినైల్ రికార్డులు (సూది పెట్టి తిప్పే ఆ నల్లటి ప్లేట్లు) ఎందుకు కొంటారు?

చాలామంది పాతకాలం మోజు అనుకుంటారు గానీ, అసలు సంగతి వేరే. ఈ సంగీతం పుట్టిందే ఆ రికార్డుల మీద. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంట్‌లో డీజే కూల్ హెర్క్ చెల్లెలు పార్టీ పెట్టింది, పాటలు వేసింది హెర్కే, ఆ రాత్రినే హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కాసేపట్లోనే జనం ఊగిపోతున్నారని హెర్క్ కనిపెట్టాడు. అందుకని ఒకే రికార్డువి రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో మళ్లీ అదే ముక్క వేసేవాడు. ఏ రికార్డు వాడుతున్నాడో పక్క డీజేలకి తెలియకుండా లేబుళ్లు నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు కూడా! గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో డీజే అయితే ఆ ముక్క ఎక్కడుందో గుర్తుగా రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసుకునేవాడు.

తర్వాత శాంప్లర్లు వచ్చాయి, అంటే రికార్డులోంచి చిన్న ముక్క ఎక్కించుకుని, దాన్ని మళ్లీ మళ్లీ మోగించే మిషన్లు. 1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం 10 సెకన్ల శబ్దమే పట్టేది కాబట్టి, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 స్పీడులో తిప్పి, తక్కువ సెకన్లలో పట్టేలా గబగబా ఎక్కించుకుని, మిషన్‌లో మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. అలా చేస్తే డ్రమ్స్‌కి ఒక గరుకుదనం వస్తుంది, ఇప్పుడు అదే స్టైల్ అయిపోయింది.

అందుకే నిజమైన పిచ్చోళ్లు ర్యాప్ ఆల్బమ్ దగ్గరే ఆగరు, అందులో వాడిన బీట్ ఏ పాత ఫంక్ (అమెరికా నల్లజాతివారి డాన్స్ సంగీతం) రికార్డుదో వెతుక్కుంటూ దుమ్ము పట్టిన పెట్టెల్లో చేతులు పెడతారు.